పూత మీద గట్టిదనం పరీక్ష: ఏ సిమ్యులేషన్ ఎప్పుడు ఎంచుకోవాలి?

హార్డ్‌వేర్ షాపుల్లో బంగారు రంగు డ్రిల్ బిట్లు చూసే ఉంటారు. ఆ రంగు టైటానియం నైట్రైడ్ పూతది. దాని మందం మామూలుగా 2 నుంచి 4 మైక్రాన్లు ఉంటుంది. ఆ పూత ఎంత గట్టిదో తెలుసుకుందామని మైక్రో వికర్స్ మెషీన్ (వజ్రపు పిరమిడ్‌తో నొక్కి, పడిన ముద్రను కొలిచి గట్టిదనం చెప్పేది) మీద పెట్టి, తక్కువ లోడే కదా అని 50 గ్రాములు వేశారనుకుందాం. పూత గట్టిదనం 2000 వికర్స్ అనుకుంటే ముద్ర కర్ణం దాదాపు 6.8 మైక్రాన్లు వస్తుంది. వికర్స్ పిరమిడ్ ముద్రలో లోతు కర్ణంలో ఏడో వంతు కాబట్టి ఇండెంటర్ (ఆ నొక్కే పిరమిడ్) మొన దాదాపు 1 మైక్రాన్ లోపలికి దిగింది. పూత మందం 2 మైక్రాన్లే అయితే సగం దాకా వెళ్లిపోయినట్టే. మెషీన్ చూపించే అంకె పూతదీ కాదు, కింది స్టీలుదీ కాదు. రెండూ కలిసి ఇచ్చిన అంకె అది.

అందులోంచి పూత వాటాను విడదీయడానికే ఎక్కువమంది సిమ్యులేషన్ వైపు చూస్తారు. చూడగానే ఎదురయ్యే ప్రశ్న ఏది వాడాలన్నది. కాగితం మీద చేసే ఫార్ములాలున్నాయి, రెండు డైమెన్షన్ల ఫైనైట్ ఎలిమెంట్ మోడల్ (వస్తువును చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్కగట్టే పద్ధతి, ఎఫ్‌ఈఎమ్) ఉంది, 3డీ ఉంది, పగుళ్లను లెక్కగట్టే మోడళ్లున్నాయి, పరమాణువుల స్థాయిలో నడిచే మాలిక్యులర్ డైనమిక్స్ ఉంది. వరంగల్ ఎన్‌ఐటీలోనో ఐఐటీ హైదరాబాద్‌లోనో ఎం.టెక్ ప్రాజెక్టుగా ఇది మొదలుపెట్టేవారికీ, పూతల కంపెనీలో పనిచేస్తూ అవసరం పడ్డవారికీ నా సలహా ఒకటే: మీరు వేసుకున్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగే వాటిలో అతి చిన్న మోడల్‌ని ఎంచుకోండి. దాని ఫలితాన్ని సరిచూసుకోవడానికి ఒక కొలత చేతిలో ఉంచుకోండి. రంగురంగుల 3డీ బొమ్మ సెమినార్‌లో బాగుంటుంది గానీ, సరిచూసే కొలత లేకపోతే దాని మీద ఏ నిర్ణయమూ తీసుకోలేం.

ఎంపికకు ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, ఇండెంటర్ దిగే లోతుకీ పూత మందానికీ ఉన్న నిష్పత్తి. లోతు మందంలో పదో వంతు దాటకపోతే వచ్చే గట్టిదనం పూతదేనని బ్యూకిల్ పేరు మీద ఒక నియమం చాలా కాలంగా వాడుకలో ఉంది. మొదటి అంచనాకు బాగా పనికొస్తుంది కానీ అన్నిచోట్లా నిలబడదు. గాజు మీద అల్యూమినియం పూతలాగా మెత్తటి పూత గట్టి ఆధారం (పూత కింది పదార్థం) మీద ఉంటే పదో వంతు దాటాక కూడా అంకె పెద్దగా మారదు. తిరగేసి, అల్యూమినియం మీద టైటానియం నైట్రైడ్ వేశారనుకోండి, పదో వంతుకి ముందే కింది లోహం శాశ్వతంగా కుంగడం మొదలుపెట్టవచ్చు. పరుపు మీద పెట్టిన నాపరాయి లాంటిది అది. పైన రాయికి గీత పడకముందే కింద పరుపు దిగిపోతుంది.

రెండోది, మీకు కావాల్సింది గట్టిదనమా, యంగ్స్ మాడ్యులసా (లోడ్ తీయగానే మామూలుకొచ్చే వంపును పదార్థం ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) అన్నది. ఈ రెంటినీ ఒకే గాటన కడుతుంటారు, అక్కడే లెక్క తప్పుతుంది. గట్టిదనం ప్లాస్టిక్ జోన్ (శాశ్వతంగా రూపు మారిన ప్రాంతం) మీద ఆధారపడుతుంది. ఆ జోన్ ఇండెంటర్ చుట్టూ చిన్న ప్రాంతంలోనే ఉంటుంది. మాడ్యులస్ ఎలాస్టిక్ ఫీల్డ్ (లోడ్ తీయగానే మామూలుకొచ్చే ప్రాంతం) మీద ఆధారపడుతుంది, అది ఆధారం లోపలికి చాలా దూరం పోతుంది. అందుకే మాడ్యులస్‌కి పదో వంతు నియమాన్ని నమ్మలేం. రకరకాల లోతుల్లో కొలిచి, లోతు సున్నా అయ్యే దిశగా గీత పొడిగించి విలువ తీసుకోవడమే పద్ధతి. పూతల కోసం ఉన్న ఐఎస్‌ఓ 14577 నాలుగో భాగం చెప్పేదీ ఈ దారే.

మూడోది, పూత పగులుతుందా, ఊడుతుందా అన్నది కూడా మీ ప్రశ్నలో ఉందా? ఉంటే మోడల్ మొత్తం మారిపోతుంది. నాలుగోది, మీ దగ్గర ఏ కొలత ఉంది? నానోఇండెంటర్ (నొక్కేటప్పుడే లోడ్‌నీ లోతునీ కొలుస్తూ పోయే మెషీన్) నుంచి వచ్చిన లోడ్–లోతు వక్రం ఉందా, వికర్స్ ముద్ర ఫొటో మాత్రమే ఉందా? వక్రం ఉంటే సిమ్యులేషన్‌ని లోడ్ వేసే దశలోనూ తీసే దశలోనూ అడుగడుగునా పోల్చవచ్చు. ఒక్క కర్ణం కొలత మాత్రమే ఉంటే పోల్చడానికి దొరికేది ఒక్క బిందువే.

ఫార్ములాతో సరిపోయే చోటు

అన్నిటికీ ఎఫ్‌ఈఎమ్ అక్కర్లేదు. 1984లో యోన్సన్, హోగ్‌మార్క్ ఇచ్చిన ఫార్ములా కలిసిన గట్టిదనాన్ని పూత వాటా, ఆధారం వాటాగా విడదీస్తుంది. పూత మందానికీ ముద్ర కర్ణానికీ ఉన్న నిష్పత్తి, పూత పగిలిందా వంగిందా అన్నదాన్ని బట్టి మారే ఒక స్థిరాంకం ఉంటే చాలు. 1998లో కోర్సున్‌స్కీ బృందం ఇచ్చిన మోడల్ ఇంకా తేలిక. వేర్వేరు లోడ్‌లతో కొలిచిన అంకెలకు ఒక వక్రం అమర్చి పూత గట్టిదనం రాబడుతుంది. ఎక్సెల్‌లో అరగంట పని.

ఒకే రకం పూతలు వరసగా వస్తుంటే, ఈ బ్యాచ్ పోయిన బ్యాచ్ కంటే మెత్తగా ఉందా అన్నదే ప్రశ్న అయితే ఇక్కడే ఆగిపోండి. సిమ్యులేషన్‌కి పెట్టే సమయాన్ని ఇంకో నాలుగు లోడ్‌లతో కొలవడానికి పెట్టడం మేలు. పూత లోపల ఒత్తిడి ఎక్కడ పోగుపడుతోంది, మధ్యలో ఇంకో పొర వేస్తే ఏమవుతుంది, మందం 2 నుంచి 3 మైక్రాన్లకు పెంచితే లాభమా లాంటి ప్రశ్నలు వచ్చినప్పుడే ఫార్ములా చేతులెత్తేస్తుంది.

ఎక్కువమందికి సరిపోయేది: 2డీ అక్షసౌష్టవ మోడల్

పలుచటి పూతల మీద ఇండెంటేషన్‌ని ఎఫ్‌ఈఎమ్‌తో చూపించిన తొలి పరిశోధనల్లో 1988లో భట్టాచార్య, నిక్స్ చేసినవి ముఖ్యమైనవి. వాళ్లు పిరమిడ్ బదులు శంకువును తీసుకున్నారు. ఇప్పటికీ పూతల పనిలో అధిక భాగం అలాగే నడుస్తుంది. బెర్కోవిచ్ ఇండెంటర్ మూడు ముఖాల పిరమిడ్. దాని బదులు అర్ధకోణం 70.3 డిగ్రీలున్న శంకువు తీసుకుంటే, ఒకే లోతుకి రెండూ ఒకే వైశాల్యాన్ని ఇస్తాయి, లోతు వర్గానికి 24.5 రెట్లు. వికర్స్ పిరమిడ్‌కి కూడా తల మీద నుంచి చూసిన వైశాల్యం దాదాపు ఇంతే. కాబట్టి శంకువును అక్షం చుట్టూ తిప్పినట్టు ఊహించుకుని, ఒక్క నిలువు కోతను మోడల్ చేస్తే చాలు.

డ్రిల్ బిట్ పూతతోనే చూద్దాం. పూత 2 మైక్రాన్లు, లోతు 0.2 మైక్రాన్లు. వైశాల్యం 0.98 చదరపు మైక్రాన్లు. పూత గట్టిదనం 25 గిగాపాస్కల్ అనుకుంటే లోడ్ 24.5 మిల్లీన్యూటన్లు. తాకిడి వ్యాసార్ధం సుమారు 0.56 మైక్రాన్లు. ఈ నాలుగు అంకెలూ కాగితం మీద రాసుకున్నాకే సాఫ్ట్‌వేర్ తెరవండి. మెష్ (మోడల్‌ని ఎలిమెంట్లనే ముక్కలుగా విడగొట్టిన వల) ఎంత సన్నగా ఉండాలో, మోడల్ ఎంత పెద్దగా ఉండాలో చెప్పేవి ఇవే.

మోడల్ అంచులు తాకిడి వ్యాసార్ధానికి కనీసం 50 రెట్ల దూరంలో పెట్టుకుంటే అంచుల ప్రభావం ఫలితంలోకి రాదు. ఇక్కడ అది దాదాపు 30 మైక్రాన్లు. యూనిట్లు మైక్రాన్, మిల్లీన్యూటన్ తీసుకోండి, ఒత్తిడి నేరుగా గిగాపాస్కల్‌లో వస్తుంది. మీటర్లు, పాస్కల్‌లతో మొదలుపెట్టి సున్నాలు లెక్కపెట్టుకునే టెన్షన్ ఉండదు.

మెష్ దగ్గర కాస్త ఆగాలి. తాకిడి వ్యాసార్ధంలో 20 ఎలిమెంట్లు పెడితే ఒక్కో ఎలిమెంట్ దాదాపు 28 నానోమీటర్లు. తాకిడి ఎక్కడిదాకా ఉందో సాఫ్ట్‌వేర్ నోడ్‌ల (ఎలిమెంట్ల మూలల్లోని బిందువుల) లెక్కనే చెబుతుంది కాబట్టి ఒక్క నోడ్ అటూ ఇటూ అయితే వ్యాసార్ధంలో 5 శాతం, వైశాల్యంలో 10 శాతం తేడా వస్తుంది. గట్టిదనం అంటే లోడ్‌ని వైశాల్యంతో భాగించడమే గనక ఆ 10 శాతమూ నేరుగా మీ జవాబులోకి దిగుతుంది. పైగా గట్టిదనం–లోతు గ్రాఫ్ రంపపు పళ్లలా వస్తుంది. చాలామంది దాన్ని మెటీరియల్ గుణం అనుకుని కారణాలు వెతుకుతారు. వ్యాసార్ధంలో 40 ఎలిమెంట్లు పెట్టండి, లేదంటే చివరి రెండు నోడ్‌ల మధ్య ఒత్తిడి సున్నా అయ్యే చోటును లెక్కగట్టి తీసుకోండి. దూరం పోయేకొద్దీ ఎలిమెంట్లను పెద్దవి చేసుకుంటూ వెళితే మొత్తం కొన్ని వేలతో అయిపోతుంది. మామూలు ల్యాప్‌టాప్ మీద నిమిషాల్లో నడుస్తుంది. 2డీని మొదట ఎంచుకోమనడానికి ఇదే పెద్ద కారణం. ఒక రోజులో ఇరవై రకాలుగా మార్చి చూడవచ్చు.

ఇండెంటర్‌ని కదలని గట్టి వస్తువుగా తీసుకోవాలా, వజ్రంగా తీసుకోవాలా అన్న ప్రశ్న దగ్గర కూడా ఎంపిక ఉంది. వజ్రం యంగ్స్ మాడ్యులస్ 1141 గిగాపాస్కల్, పాయిజన్ నిష్పత్తి (నొక్కినప్పుడు పక్కకు ఎంత ఉబుకుతుందో చెప్పే అంకె) 0.07. అల్యూమినియం మీద ఇండెంటర్‌ని పూర్తిగా గట్టిదిగా తీసుకుంటే స్టిఫ్‌నెస్‌లో వచ్చే తేడా దాదాపు 7 శాతం. టైటానియం నైట్రైడ్ మీద, మాడ్యులస్ 450, పాయిజన్ నిష్పత్తి 0.25 అనుకుంటే, అదే తేడా 42 శాతం అవుతుంది. ప్రయోగంలో వజ్రం కూడా కాస్త నొక్కుకుంటుంది. మీ మోడల్‌లో నొక్కుకోదు. రెండు వక్రాలనూ పక్కపక్కన పెట్టి, సరిపోలడం లేదని పూత గుణాలను మార్చుకుంటూ పోతే తప్పు మీద తప్పు పేరుకుంటుంది. కాబట్టి మెత్తటి పూతలకు గట్టి ఇండెంటర్ చాలు, నైట్రైడ్‌లు, కార్బైడ్‌లు, వజ్రం లాంటి కార్బన్ పూతలకు వజ్రాన్ని ఎలాస్టిక్‌గా మోడల్ చేయండి.

మొన గుండ్రదనం సంగతి లోతును బట్టి తేలుతుంది. మొన వ్యాసార్ధం 100 నానోమీటర్లు అనుకుంటే, గోళం ఆగి శంకువు మొదలయ్యేది సుమారు 6 నానోమీటర్ల దగ్గర. 200 నానోమీటర్లు దిగే పరీక్షలో అది లెక్కలోకి రాదు. 100 నానోమీటర్ల పూత మీద 10 నానోమీటర్లు దిగే పరీక్షలో మాత్రం గుండ్రదనం పెట్టకపోతే మోడల్ దండగ.

ఇక మెటీరియల్ డేటా. లోహాల్లో గట్టిదనం యీల్డ్ ఒత్తిడికి (శాశ్వతంగా రూపు మారడం మొదలయ్యే ఒత్తిడికి) దాదాపు మూడు రెట్లని టేబర్ సూత్రం. హై స్పీడ్ స్టీలుకి అది సరే. టైటానియం నైట్రైడ్ లాంటి సిరామిక్‌కి 25ని మూడుతో భాగించి 8.3 గిగాపాస్కల్ అని ఇవ్వకండి. యీల్డ్ ఒత్తిడి మాడ్యులస్‌తో పోలిస్తే ఎక్కువగా ఉన్న పదార్థాల్లో ఆ నిష్పత్తి మూడు కంటే తక్కువ, అంటే అసలు యీల్డ్ అంతకంటే ఎక్కువే ఉంటుంది. 8.3తో మొదలుపెట్టి, మోడల్ గట్టిదనం కొలతకు దగ్గరయ్యేదాకా పెంచుకుంటూ వెళ్లాలి. ఆవిరి పద్ధతిలో వేసిన ఇలాంటి పూతల్లో గిగాపాస్కల్ స్థాయిలో సంపీడన ఒత్తిడి ముందే ఉంటుందన్నదీ గుర్తుంచుకోండి. దాన్ని ప్రారంభ ఒత్తిడిగా ఇవ్వకపోతే పగుళ్ల గురించి మోడల్ చెప్పే మాటకు విలువ ఉండదు.

2డీ మోడల్ చేసే అసలు మేలు మెత్తటి పూతల దగ్గర బయటపడుతుంది. 1992లో ఆలివర్, ఫార్ ఇచ్చిన పద్ధతి, ఇప్పుడు దాదాపు ప్రతి నానోఇండెంటర్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఉన్నది, ఇండెంటర్ చుట్టూ పదార్థం కిందికి కుంగుతుందని అనుకుంటుంది. గట్టి ఆధారం మీది మెత్తటి లోహపు పూత కుంగదు. పక్కకు పోవడానికి దారి లేక పైకి ఉబుకుతుంది. అసలు తాకిడి వైశాల్యం పెరుగుతుంది, మెషీన్ తక్కువ వైశాల్యం లెక్కేసి ఎక్కువ గట్టిదనం చూపిస్తుంది. ఈ తేడా చిన్నది కాదు, 1998లో బోల్షకోవ్, ఫార్ చేసిన ఎఫ్‌ఈఎమ్ పనిలో కొన్ని పదార్థాలకు వైశాల్యం 60 శాతం దాకా తప్పింది. ఎఫ్‌ఈఎమ్‌లో తాకిడి ఎక్కడిదాకా ఉందో నేరుగా కనబడుతుంది కాబట్టి ఎంత సవరించాలో తెలుస్తుంది. మెత్తటి పూత, గట్టి ఆధారం మీ కేసు అయితే ఇంకేమీ ఆలోచించకుండా 2డీ ఎఫ్‌ఈఎమ్ చేయండి.

3డీకి ఎప్పుడు వెళ్లాలి

శంకువుకి అంచులు లేవు, పిరమిడ్‌కి ఉన్నాయి. ముద్ర మూలల నుంచి బయటికి పాకే పగుళ్లు ఆ అంచుల దగ్గర పోగుపడే ఒత్తిడి వల్లే వస్తాయి. అవి మీ ప్రశ్న అయితే 2డీలో వాటిని పట్టుకోలేరు. పూత ఒక దిశలో ఒకలా, ఇంకో దిశలో ఇంకోలా ప్రవర్తించేదైనా, కోణంలో నొక్కే పరీక్షైనా, గీత పరీక్షైనా 3డీ తప్పదు. మామూలు లోడ్–లోతు వక్రం కోసమే అయితే వద్దు. శంకువుతో వచ్చిన వక్రానికీ పిరమిడ్‌తో వచ్చిన వక్రానికీ ఉండే తేడా, మీ మెటీరియల్ డేటాలో ఉన్న అనిశ్చితి ముందు చిన్నది.

వెళ్లక తప్పనప్పుడు సౌష్టవాన్ని వాడుకోండి. బెర్కోవిచ్‌కి ఆరో వంతు, అంటే 60 డిగ్రీల ముక్క చాలు. వికర్స్‌కి ఎనిమిదో వంతు, 45 డిగ్రీల ముక్క. అంతా మోడల్ చేస్తే ఎలిమెంట్లు లక్షల్లోకి పోతాయి, నిమిషాల పని గంటలవుతుంది, రోజుకు ఇరవై రకాలు చూసే వీలు పోతుంది.

ఇంప్లిసిటా, ఎక్స్‌ప్లిసిటా?

తాకిడి దగ్గర కన్వర్జెన్స్ రాక (లెక్క ఒక జవాబు దగ్గర స్థిరపడక) విసిగిపోయి, ప్రతి అడుగులో బలాల సమతుల్యత తేల్చే ఇంప్లిసిట్ పద్ధతి వదిలి, అతి చిన్న అడుగులతో నేరుగా ముందుకు లెక్కగట్టే ఎక్స్‌ప్లిసిట్‌కి మారేవాళ్లు చాలామంది. మారేముందు ఒక లెక్క వేసుకోండి. ఎక్స్‌ప్లిసిట్‌లో ఒక్కో అడుగు, ఎలిమెంట్‌ని ధ్వని తరంగం దాటే సమయాన్ని మించకూడదు. టైటానియం నైట్రైడ్‌లో ఆ వేగం సెకనుకి సుమారు 9 కిలోమీటర్లు. 25 నానోమీటర్ల ఎలిమెంట్‌కి అడుగు దాదాపు 2.7 పికోసెకన్లు. 10 సెకన్ల పరీక్షను ఉన్నది ఉన్నట్టు నడపాలంటే లక్షల కోట్ల అడుగులు కావాలి. అందుకే పరీక్షను కృత్రిమంగా వేగవంతం చేస్తారు, లేదా ద్రవ్యరాశిని పెంచుతారు. రెంటిలో ఏది చేసినా గతిజ శక్తి మొత్తం అంతర్గత శక్తిలో 5 శాతం లోపే ఉందో లేదో చూసుకోవాలి. నిదానంగా నొక్కే పరీక్షకు ఇంప్లిసిటే సహజమైన ఎంపిక. లోడ్ బదులు లోతును నియంత్రించడం, మొదటి తాకిడి దగ్గర చిన్న అడుగులు వేయడం, ఈ రెండింటితోనే చాలా కన్వర్జెన్స్ గొడవలు తీరిపోతాయి. పూత ఒక్కసారిగా పగిలి ఊడిపోవడం చూడాలంటే మాత్రం ఎక్స్‌ప్లిసిటే నయం.

పగుళ్లు, ఊడిపోవడం

పూత, ఆధారం మధ్య అతుకును విడదీయరానిదిగా కట్టేస్తే అది ఎప్పటికీ ఊడదు. ఊడుతుందో లేదో తెలియాలంటే మధ్యలో కొహెసివ్ పొర పెట్టాలి. దానికి రెండు అంకెలు ముఖ్యం: అతుకు తట్టుకునే గరిష్ట ఒత్తిడి, దాన్ని పూర్తిగా తెరవడానికి పట్టే శక్తి. ఈ రెండూ పుస్తకంలో దొరకవు. మీ పూత, మీ ఆధారం, మీరు ఉపరితలాన్ని శుభ్రం చేసిన తీరు బట్టి మారిపోతాయి. కొలిచిన అంకెలు లేకుండా కొహెసివ్ మోడల్‌తో ఈ పూత ఇంత లోడ్ దగ్గర ఊడుతుందని రాయడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. రెండు డిజైన్లను పోల్చి, ఏదాంట్లో అతుకు మీద ఒత్తిడి తక్కువో చెప్పడానికైతే నిశ్చింతగా వాడవచ్చు. పూత అడ్డంగా చీలే పగుళ్లకు ఎక్స్‌ఎఫ్‌ఈఎమ్ (మెష్‌ని మార్చకుండానే పగులును ఎలిమెంట్ల గుండా పోనిచ్చే ఎఫ్‌ఈఎమ్ రకం) ఉంది. పగులు ఎటు పోతుందో ముందే తెలియనప్పుడు అది అక్కరకొస్తుంది.

మాలిక్యులర్ డైనమిక్స్ ఎవరికి?

పేరుకి ఆకర్షణ ఎక్కువ. పరమాణువులే కనబడుతుంటే ఇంకేం కావాలనిపిస్తుంది. లెక్క చూడండి. టైటానియం నైట్రైడ్‌లో ఘన నానోమీటరుకి దాదాపు 105 పరమాణువులుంటాయి. 2 మైక్రాన్ల పూతలోంచి 2 మైక్రాన్ల ఘనం తీస్తే 80 వేల కోట్లకు పైగా పరమాణువులు. కాలేజీ క్లస్టర్ మీద హాయిగా నడిచేది 20 నానోమీటర్ల రాగి ఘనం, దాదాపు 6.8 లక్షల పరమాణువులు. వేగం సంగతి ఇంకా దూరం. ఒక్కో అడుగు ఒక ఫెమ్టోసెకన్. సెకనుకి 10 మీటర్ల వేగంతో 2 నానోమీటర్లు దిగడానికే 2 లక్షల అడుగులు. అసలు పరీక్షలో ఇండెంటర్ సెకనుకి 10 నానోమీటర్ల లెక్కన దిగుతుంది. అంటే వంద కోట్ల రెట్ల తేడా. కాబట్టి మాలిక్యులర్ డైనమిక్స్‌లో వచ్చిన గట్టిదనం అంకెను ల్యాబ్ అంకె పక్కన పెట్టి పోల్చకండి.

దాని స్థానం వేరే. మొదటి డిస్‌లొకేషన్ (స్ఫటికంలో పరమాణువుల వరస తప్పిన చోటు) ఎక్కడ పుడుతుంది, కొన్ని నానోమీటర్ల పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చిన పూతలో పొరల సరిహద్దు దాన్ని ఆపుతుందా లేదా లాంటి ప్రశ్నలకు ఇంకే పద్ధతీ ఇంత సూటిగా జవాబివ్వదు. పరమాణువుల మధ్య బలాల కోసం నమ్మదగిన పొటెన్షియల్ మీ పదార్థానికి ఉందో లేదో మాత్రం ముందే చూసుకోండి. లేకపోతే ప్రాజెక్టు విషయం మార్చుకోవడమే మంచిది.

మామూలు ఎఫ్‌ఈఎమ్‌కీ మాలిక్యులర్ డైనమిక్స్‌కీ మధ్య క్రిస్టల్ ప్లాస్టిసిటీ మోడళ్లు (స్ఫటికం దిశను బట్టి రూపు మారడాన్ని లెక్కగట్టేవి) ఉన్నాయి, ముద్ర ఒకే గ్రెయిన్ (లోహంలోని ఒక్క స్ఫటికపు గింజ) లోపల పడినప్పుడు పనికొస్తాయి. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మామూలు ప్లాస్టిసిటీతో చేసే ఎఫ్‌ఈఎమ్‌కి కొలత పరిమాణం అంటూ ఏదీ తెలియదు. పూత లేని ముద్ద లోహంలో 100 నానోమీటర్లు దిగినా 10 మైక్రాన్లు దిగినా ఒకే గట్టిదనం ఇస్తుంది. నిజమైన లోహాల్లో లోతు తగ్గేకొద్దీ గట్టిదనం పెరుగుతుంది, 1998లో నిక్స్, గావ్ దానికి వివరణ ఇచ్చారు. దీన్ని లోపంగా కాక పనిముట్టుగా వాడుకోవచ్చు. లోతుతో మారే గట్టిదనంలో ఎఫ్‌ఈఎమ్ చూపించేంత భాగం ఆధారం వల్ల వచ్చింది, ప్రయోగంలో దాని మీద అదనంగా కనబడేది పరిమాణ ప్రభావం వల్లో, మొన గుండ్రదనం వల్లో, పాలిష్ చేసినప్పుడు గట్టిపడిన పైపొర వల్లో వచ్చింది.

సాఫ్ట్‌వేర్

కాలేజీలో లైసెన్స్ ఉంటే అబాకస్ తీసుకోండి. ఈ విషయం మీద వచ్చిన పేపర్లలో చాలావరకు దానితోనే చేశారు, చిక్కుపడితే దారి దొరుకుతుంది. ఉచిత స్టూడెంట్ వెర్షన్‌కి 1000 నోడ్‌ల పరిమితి ఉంది. పూతకి కావాల్సిన సన్నటి మెష్ అందులో ఇరికించలేం. అన్సిస్ స్టూడెంట్ వెర్షన్ పరిమితి అంతకంటే చాలా ఎక్కువ, 2డీకి ధారాళంగా సరిపోతుంది. రెండూ నేర్చుకోవడానికే, కంపెనీ పనికి వాడకూడదు. కామ్‌సోల్ అప్పటికే వేడి, విద్యుత్ లాంటివి కలిపి చూస్తున్నవారికి అనుకూలం.

డబ్బు పెట్టలేనివారికి కాల్క్యులిక్స్ మంచి ఎంపిక. ఇన్‌పుట్ ఫైల్ అబాకస్ ధోరణిలోనే ఉంటుంది కాబట్టి తర్వాత మారినా నేర్చుకున్నది వృథా పోదు. అది అక్షసౌష్టవ ఎలిమెంట్లను లోపల 3డీ చీలికలుగా మార్చుకుని లెక్కగడుతుందని తెలుసుకుని వాడండి. ఫ్రాన్స్ విద్యుత్ సంస్థ ఈడీఎఫ్ తయారుచేసిన కోడ్ ఆస్టర్ కూడా ఉచితమే, నేర్చుకోవడానికి ఓపిక కావాలి. మాలిక్యులర్ డైనమిక్స్‌కైతే అమెరికాలోని సాండియా ల్యాబ్‌లో పుట్టిన లామ్ప్స్ ఉండగా వేరే దాని జోలికి పోవాల్సిన పనిలేదు.

ఏది వాడినా, పూత పెట్టకముందు రెండు పరీక్షలు నడపండి. ప్లాస్టిసిటీ లేకుండా గోళాకార ఇండెంటర్‌తో నొక్కి హెర్ట్జ్ సూత్రంతో (ఎలాస్టిక్ తాకిడికి కాగితం మీద దొరికే జవాబుతో) పోల్చండి. తర్వాత పూతకీ ఆధారానికీ ఒకే గుణాలిచ్చి నడపండి, ఫలితం పూత లేని మోడల్‌తో గీతకు గీత కలవాలి. కలవకపోతే మీ పొరల అతుకులోనో, మెష్ మారే చోటో ఏదో తేడా ఉంది. నిజం పదార్థంతో చూడాలంటే ఫ్యూజ్డ్ సిలికా తీసుకోండి. మాడ్యులస్ 72 గిగాపాస్కల్, గట్టిదనం 9కి అటూ ఇటూ. నానోఇండెంటర్ ఉన్న ప్రతి ల్యాబ్‌లోనూ కాలిబ్రేషన్‌కి ఆ ముక్క ఉంటుంది, అడిగితే వక్రం ఇస్తారు.

వెనక్కి లెక్కగట్టడం గురించి

లోడ్–లోతు వక్రం నుంచి యీల్డ్ ఒత్తిడి, గట్టిపడే గుణం రాబట్టే పని ఇప్పుడు ఎక్కువైంది. 2001లో దావ్, చొల్లకూప్, మద్రాస్ ఐఐటీలో చదివిన సుబ్ర సురేశ్ తదితరులు దీనికి ఎఫ్‌ఈఎమ్ ఆధారంగా సూత్రాలు ఇచ్చారు. 2020లో సురేశ్ బృందమే ఈ పనికి న్యూరల్ నెట్‌వర్క్‌లను వాడింది. బలమైన దారే, కానీ ఒక గోతి ఉంది. వేర్వేరు గుణాలున్న రెండు పదార్థాలు ఒకే కోణం ఉన్న ఇండెంటర్ కింద దాదాపు ఒకే వక్రాన్ని ఇవ్వగలవు. పూత, ఆధారం కలిస్తే తెలియని గుణాల సంఖ్య రెట్టింపవుతుంది, గోయి ఇంకా లోతవుతుంది. అందుకని ముందు ఆధారాన్ని విడిగా, పూత లేకుండా కొలిచి దాని గుణాలను స్థిరపరచండి. తర్వాత పూత మీద రెండు వేర్వేరు కోణాల ఇండెంటర్లతో కొలవండి. వీలైతే ముద్ర చుట్టూ ఉబ్బు ఎంతుందో ఏఎఫ్‌ఎమ్‌తో (సన్నటి మొనతో ఉపరితలాన్ని తడిమి చూసే మైక్రోస్కోప్‌తో) చూసి దాన్ని కూడా పోలికలో చేర్చండి. ఒక్క వక్రంతో నాలుగు గుణాలు రాబట్టామనే పేపర్ మీ చేతికొస్తే, ఆ నాలుగూ మరోలా ఉన్నా అదే వక్రం వస్తుందేమో చూశారా అని మొదట వెతకండి.

మందపు పూతలకు మాత్రం వేరే లెక్క

పైన చెప్పిందంతా మైక్రాన్ల పూతల గురించి. హైదరాబాద్ బాలాపూర్‌లోని పదార్థాల పరిశోధన కేంద్రం ఏఆర్‌సీఐ ఏళ్లుగా పనిచేస్తున్న డిటోనేషన్ స్ప్రే (పేలుడు బలంతో పొడిని చల్లి పూత వేయడం) లాంటి పద్ధతుల్లో పూత మందం వందల మైక్రాన్లలో ఉంటుంది. టంగ్‌స్టన్ కార్బైడ్–కోబాల్ట్ పూత 200 మైక్రాన్లు ఉందనుకోండి, గట్టిదనం 1100 వికర్స్ అనుకోండి. 300 గ్రాముల లోడ్‌కి కర్ణం 22.5 మైక్రాన్లు, లోతు 3.2 మైక్రాన్లు. పూతను పైనుంచి నొక్కితే అది మందంలో 2 శాతం కూడా కాదు. గట్టిదనం వరకు ఆధారం లెక్కలోకే రాదు, పూత–ఆధారం సిమ్యులేషన్ ఇక్కడ అనవసరం.

కానీ ఒకే నమూనాలో ఒకచోట 950, పక్కన 1250 వస్తుంటే ఏం చేయాలి? అది పూత లోపలి సంగతి. చదునైన ముక్కలు ఒకదాని మీద ఒకటి పడి అతుక్కున్న పొరలు, మధ్యలో రంధ్రాలు, కార్బైడ్ గింజల చుట్టూ కోబాల్ట్. సిమ్యులేషన్ చేయాలంటే అడ్డకోత మైక్రోస్కోప్ ఫొటోను తీసుకుని, రంధ్రాలను ఉన్నవి ఉన్నట్టు మెష్‌లోకి తెచ్చి, ముద్రను వేర్వేరు చోట్ల పెట్టి చూడాలి. అక్కడ వచ్చే జవాబు ఒక అంకెగా ఉండదు, విస్తృతిగా ఉంటుంది. దాన్ని కనీసం 10 ముద్రల కొలతల విస్తృతితో పోల్చండి. రెండూ ఒకదానిమీద ఒకటి పడితే రంధ్రాలే కారణమని చెప్పే హక్కు మీకుంటుంది. పడకపోతే ముక్కల మధ్య అతుకు బలాన్ని మోడల్‌లోకి తీసుకురావాల్సి ఉంటుంది.